గిగాబిట్ ప్లాన్, 380 ఎంబీపీఎస్ వేగం: ఇంట్లో కట్టుకున్న ఫైర్‌వాల్ రూటర్‌పై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ప్లాన్ వేగం ఐదు రెట్లు పెరిగింది. వీడియో కాల్స్ మాత్రం మునుపటికంటే అధ్వానమయ్యాయి. సొంతంగా కట్టుకున్న ఫైర్‌వాల్ రూటర్లలో వేగం తగ్గడం కొత్తేమీ కాదు గానీ, ఈ రెండూ కలిసి రావడం వల్లనే ఈ కేసును రాసిపెడుతున్నాను. క్లయింటును గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను. వేగాల అంకెలు సుమారుగా ఇచ్చినవి.

ఇద్దరు ఇంటి నుంచే ఉద్యోగం చేసే కుటుంబం అది. వారి రూటరు ఫ్యాన్ లేని చిన్న కంప్యూటరు: తక్కువ విద్యుత్తుతో నడిచే నాలుగు కోర్ల ప్రాసెసరు, 8 జీబీ మెమరీ, నాలుగు గిగాబిట్ పోర్టులు. దానిమీద ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆధారిత ఫైర్‌వాల్ (లోపలికీ బయటికీ వెళ్లే ట్రాఫిక్‌ను వడగట్టే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. పీఎఫ్‌సెన్స్, దానినుంచి చీలి 2015లో తొలిసారి విడుదలైన ఓపీఎన్‌సెన్స్ ఈ కోవలోవే. సెట్టింగుల పేర్లు, మెనూలు కాస్త మారినా ఇక్కడి తర్కం రెంటికీ సరిపోతుంది.

ఇంటి పరికరాలకు, అతిథులకు, కెమెరాలకు వేర్వేరు నెట్‌వర్కులున్నాయి. బయట ఉన్నప్పుడు ఇంటి నెట్‌వర్కులోకి రావడానికి వీపీఎన్ ఉంది. వాన్ పోర్టు (ఇంటర్నెట్ వైపు పోర్టు) మీద చొరబాట్లను కనిపెట్టే సూరికాటా ఉంది. ఫైబర్ లైను ఇంట్లో ముగిసే పెట్టె, ఓఎన్‌టీ, బ్రిడ్జి మోడ్‌లో ఉంది, అంటే డేటాను అటూ ఇటూ దాటించడమే దాని పని. కాబట్టి పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో ప్రొవైడరుకు కలిసి, ప్రతి ప్యాకెట్‌ను, అంటే డేటా ముక్కను, ఒక అదనపు కవరులో పంపే పద్ధతి) లాగిన్ బాధ్యత రూటరుదే. 200 ఎంబీపీఎస్ ప్లాన్ మీద ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి ఏ ఫిర్యాదూ లేకుండా నడిచింది.

ఫిర్యాదు

డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ 1 జీబీపీఎస్ ఉండే ప్లాన్‌కు మారాక స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ 190 దగ్గరే ఆగింది. పాత ప్లాన్ రోజుల్లో పెట్టిన ట్రాఫిక్ షేపర్ (వేగానికి హద్దు పెట్టి ప్యాకెట్లను వరుసలో పంపే ఏర్పాటు) పరిమితి అదేనని క్లయింటే పట్టుకుని షేపర్‌ను పూర్తిగా తీసేశారు. డౌన్‌లోడ్ 380కి పెరిగి అక్కడ నిలిచిపోయింది. అప్‌లోడ్ మాత్రం 900 దాటుతోంది. ఇంట్లో ఎవరైనా పెద్ద ఫైలు దించుకోవడం మొదలుపెడితే అవతలి గదిలో కాల్ మాట్లాడేవారి మాట తెగిపోతోంది.

నా దగ్గరికి వచ్చేసరికి ఆయన చాలా మార్చి చూశారు. స్విచ్ కొత్తది తెచ్చారు. ఫైర్‌వాల్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేశారు. ఎక్కడో చదివి ఎంటీయూను (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని, బైట్లలో) 1500 చేశారు, ప్యాకెట్ల పనిలో కొంత నెట్‌వర్క్ కార్డుకే అప్పగించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ సెట్టింగులన్నీ ఆన్ చేశారు, వాన్ పోర్టు రిసీవ్ రింగ్‌ను (వచ్చిన ప్యాకెట్లు కార్డులో వేచి ఉండే చోటును) 1024 నుంచి 4096 ప్యాకెట్లకు పెంచారు. సర్వీసు ప్రొవైడరు తరఫున వచ్చిన టెక్నీషియను తన ల్యాప్‌టాప్‌ను తన కేబుల్‌తో నేరుగా ఓఎన్‌టీకి కలిపి 900కు పైగా చూపించి, లోపం మీ రూటర్‌దే అని వెళ్లిపోయారు. ఆ తీర్పు సరైనదే. కానీ ఆయన వాడింది ఇంటి కేబులు కాదు. అంచేత ఆ పరీక్షతో రూటరు దోషం రుజువు కాలేదు, సర్వీసు ప్రొవైడరు నిర్దోషిత్వం మాత్రమే రుజువైంది.

ముందు మార్పులన్నీ వెనక్కి

ఇలాంటి చోట నేను మొదట చేసేది కొత్త మార్పు కాదు, పాత మార్పుల ఉపసంహరణ. ఒకదానిమీద ఒకటి పేరుకున్న మార్పుల మీద ఏం కొలిచినా దేని ఫలితమో తెలియదు.

ఎంటీయూను 1492కు దించాం. పీపీపీఓఈ హెడర్‌కు 6 బైట్లు, పీపీపీ ప్రోటోకాల్ గుర్తుకు 2 బైట్లు పోగా 1500లో మిగిలేది అంతే. పీపీపీఓఈని నిర్వచించిన 1999 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2516లోనే ఈ లెక్క ఉంది. దానికి తగ్గట్టు టీసీపీ ఎంఎస్ఎస్ (హెడర్లు పోగా ఒక ప్యాకెట్లో పట్టే అసలు డేటా) 1452. అవతలి వైపు ఒప్పుకుంటే 1500 నడిపే పద్ధతీ ఉంది గానీ ఇక్కడ అవతలి వైపు ఒప్పుకోలేదు. ఎంటీయూ తప్పితే కనిపించే లక్షణం కూడా వేరు: కొన్ని సైట్లు అసలు తెరుచుకోవు, కొన్ని సగంలో ఆగిపోతాయి. వేగం అన్నిచోట్లా సమానంగా సగానికి పడిపోయిందంటే ఎంటీయూను అనుమానించడం వృథా.

ఆఫ్‌లోడ్‌లలో టీఎస్‌ఓ (పంపే డేటాను కార్డే ప్యాకెట్లుగా ముక్కలు చేయడం), ఎల్‌ఆర్‌ఓ (వచ్చిన ప్యాకెట్లను అతికించడం) రెండూ ఆపేశాం. డేటా తన దగ్గరే ముగిసే సర్వర్‌కు అవి మేలు చేస్తాయి. ఒక పోర్టులో అందుకుని మరో పోర్టులోంచి పంపే రూటరులో ప్యాకెట్లను అతికించి మళ్లీ ముక్కలు చేయడం అనవసరపు పని, ఒక్కోసారి హాని కూడా. రిసీవ్ రింగ్‌ను మాత్రం 4096 దగ్గరే ఉంచాను. దాని ప్రభావాన్ని విడిగా చూడాలనుకున్నాను.

ఇంత చేసినా డౌన్‌లోడ్ 380 నుంచి కదల్లేదు. కదలదనే అనుకున్నాను. ఇకపై వచ్చే అంకెలను నమ్మవచ్చు, అది చాలు.

ముక్కలుగా కొలవడం

మొదటి ముక్క లైను. క్లయింటు ల్యాప్‌టాప్‌ను, అప్పటిదాకా రూటరుకు ఉన్న అదే కేబుల్‌తో, ఓఎన్‌టీకి నేరుగా కలిపి పీపీపీఓఈ లాగిన్ చేశాం. రెండు దిశల్లోనూ 930 వరకు వచ్చింది. దీంతో లైనుతో పాటు కేబులు కూడా జాబితాలోంచి పోయింది. కేబుల్‌లో ఒక తీగ తెగితే గిగాబిట్ లింకు తరచుగా 100కు పడిపోయి వేగం 94 దగ్గర ఆగుతుంది. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. 94 అనే అంకె కనబడితే నేను సాఫ్ట్‌వేర్ జోలికే వెళ్లను. 380 అలాంటి అంకె కాదు.

రెండో ముక్క రూటరు ప్యాకెట్లను దాటించే సామర్థ్యం. రెండు కంప్యూటర్లను వేర్వేరు పోర్టుల్లోని వేర్వేరు నెట్‌వర్కులకు కలిపి, వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్3ను రూటరు గుండా నడిపాం. రెండు దిశల్లోనూ 940. ఈథర్నెట్, ఐపీ, టీసీపీ హెడర్లు పోగా గిగాబిట్ మీద మిగిలేదే దాదాపు 941 కాబట్టి ఇది నిండు వేగం. ఐపెర్ఫ్‌ను రూటరు మీదే నడిపి చూసేవారు చాలామంది ఉన్నారు. అప్పుడు కొలిచేది వేరే పని: టీసీపీ కనెక్షన్ రూటరులోనే ముగుస్తుంది, ఐపెర్ఫ్ కూడా అదే ప్రాసెసరును తింటుంది. రూటరు పని దాటించడం. కాబట్టి దాటించడాన్నే కొలవాలి.

మూడో ముక్క అసలు ఫిర్యాదు. ఇంటర్నెట్ నుంచి డౌన్‌లోడ్ జరుగుతుండగా డ్యాష్‌బోర్డు చూస్తే ప్రాసెసర్ వాడకం 28 శాతం. క్లయింటు ఇన్నాళ్లూ ఈ అంకె చూసే ప్రాసెసరును అనుమానించలేదు. నలుగురు మోయాల్సిన పల్లకీని ఒక్కడే మోస్తున్నా, సగటు తీస్తే తలా పావు భారమే అన్నట్టు కనబడుతుంది. కమాండ్ లైనులో థ్రెడ్‌లవారీగా (ప్రాసెసరు మీద విడివిడిగా నడిచే పనులవారీగా), కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) థ్రెడ్‌లతో సహా చూపమని టాప్ అనే ప్రోగ్రాంను అడిగితే సంగతి బయటపడింది. వాన్ పోర్టు మొదటి రిసీవ్ క్యూకు (వచ్చిన ప్యాకెట్ల వరుసకు) చెందిన కెర్నెల్ థ్రెడ్ ఒక కోర్‌ను 100 శాతం వాడుతోంది. మిగిలిన మూడు కోర్లు దాదాపు ఖాళీ. అదే పోర్టు గణాంకాల్లో అందుకోలేక వదిలేసిన ప్యాకెట్ల కౌంటరు పెరుగుతూ పోతోంది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సినవి రెండు తేడాలు. ఇంట్లో రెండు నెట్‌వర్కుల మధ్య 940 దాటించిన యంత్రం ఇంటర్నెట్ డౌన్‌లోడ్‌లో 380 దగ్గర ఎందుకు ఆగింది? అదే ఇంటర్నెట్ అప్‌లోడ్‌లో 900 ఎలా వచ్చింది? నాట్ (ఇంటి పరికరాల చిరునామాలను ఒకే బయటి చిరునామాగా మార్చే పని) కారణమైతే అప్‌లోడ్ కూడా తగ్గాలి. ఫైర్‌వాల్ నిబంధనలు కారణమైనా అంతే. డౌన్‌లోడ్‌కు మాత్రమే ప్రత్యేకమైనది ఒక్కటే: ప్యాకెట్ రూటరులోకి పీపీపీఓఈ కవరులో వస్తుంది. అప్‌లోడ్‌లో లోపలికి వచ్చేది మామూలు ఐపీ ప్యాకెట్, కవరు బయటికి వెళ్లేటప్పుడు వేస్తారు.

నెట్‌వర్క్ కార్డులో రిసీవ్ సైడ్ స్కేలింగ్ అనే ఏర్పాటుంటుంది. వచ్చిన ప్యాకెట్ ఐపీ చిరునామాల మీద, పోర్టు నంబర్ల మీద హ్యాష్ (ఒక గుర్తు సంఖ్య) లెక్కగట్టి, ఒక్కో కనెక్షన్‌ను ఒక్కో క్యూకు, ఆ క్యూ ద్వారా ఒక్కో కోర్‌కు పంచుతుంది. పీపీపీఓఈ ఫ్రేము ఈథర్‌టైప్ (లోపల ఉన్నది ఏ రకమో చెప్పే సంఖ్య) వేరు, హెక్సాడెసిమల్‌లో 8864. ఇక్కడి కార్డుకు ఆ కవరు లోపలి ఐపీ హెడర్ కనబడదు. కనబడనిదాన్ని పంచలేక అన్నింటినీ మొదటి క్యూలోనే వేస్తుంది. పైగా ఫ్రీబీఎస్‌డీ మామూలు ఏర్పాటులో, ఆ క్యూ అందుకున్న థ్రెడ్డే కవరు విప్పి, ఫైర్‌వాల్ నిబంధనలు చూసి, నాట్ చేసి, అవతలి పోర్టుకు అప్పగించేదాకా మొత్తం పనీ చేస్తుంది. 380 అంటే ఒక్క కోర్ శక్తి అన్నమాట.

ఊహను పరీక్షకు పెట్టడం

కథ అతికినట్టే ఉంది. అయినా దాని ఆధారంగా సెట్టింగులు మార్చేముందు ఒక పరీక్ష అవసరమనిపించింది. ఊహ తప్పయితే క్లయింటు కొత్త యంత్రం కొని కూడా ఇదే స్థితిలో ఉండేవారు.

రాత్రి ఎవరికీ పని లేని వేళ చూసుకుని, లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌ను వాన్ పోర్టుకు కలిపాం. మొదట మామూలు ఐపీ చిరునామాలతో, నాట్ ఆన్‌లోనే ఉంచి, డౌన్‌లోడ్ దిశలో ఐపెర్ఫ్ నడిపాం: 930. తరువాత అదే ల్యాప్‌టాప్‌ను పీపీపీఓఈ సర్వర్‌గా మార్చి, అదే కేబుల్ మీద, అవే నిబంధనలతో మళ్లీ నడిపాం: 380. రెండు పరీక్షల మధ్య మారింది పీపీపీఓఈ ఒక్కటే. ఇంతకంటే తేటగా దోషం దొరికే సందర్భాలు ఈ వృత్తిలో తక్కువ.

పనికిరానివి

సూరికాటాను ఆపితే 20 ఎంబీపీఎస్ మాత్రమే పెరిగింది. అది పనిచేసేది మిగతా కోర్ల మీద, కొరత ఉన్నది మొదటి కోర్ మీద. దాన్ని తరువాత లోపలి వైపు పోర్టుకు మార్చాం. కారణం వేగం కాదు: వాన్ వైపు నాట్ తరువాత ఇంటి పరికరాలన్నీ ఒకే చిరునామాతో కనబడతాయి, హెచ్చరిక వస్తే ఏ పరికరానిదో తెలియదు.

నిబంధనల పట్టికను కుదించడం వల్ల ఏమీ మారలేదు. మారదు కూడా. ఈ ఫైర్‌వాల్ లోపలి ప్యాకెట్ ఫిల్టర్, పీఎఫ్, ఒక కనెక్షన్ మొదటి ప్యాకెట్‌కే నిబంధనలన్నీ చూస్తుంది, తరువాతివి స్టేట్ టేబుల్‌లో (తెరిచి ఉన్న కనెక్షన్ల జాబితాలో) చూసుకుని సాగిపోతాయి.

రిసీవ్ రింగ్ సంగతి ఆసక్తికరం. ఖాళీగా ఉన్నప్పుడు 6 మిల్లీసెకన్లు ఉండే పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం), డౌన్‌లోడ్ జరిగేటప్పుడు 140కి చేరుతోంది. లెక్క వేస్తే సరిపోయింది: 4096 నిండు ప్యాకెట్లు 380 ఎంబీపీఎస్ వేగంతో ఖాళీ కావడానికి 130 మిల్లీసెకన్లు పడుతుంది. రింగ్‌ను తిరిగి 1024 చేస్తే ఆలస్యం నాలుగో వంతుకు తగ్గింది, బదులుగా వదిలేసిన ప్యాకెట్లు పెరిగాయి. ఆలస్యమో, నష్టమో, ఏదో ఒకటి కాల్‌ను తినేస్తోంది. క్యూ నిండుతున్న చోటు కార్డు లోపల ఉంది, అక్కడ ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో నిర్ణయించే అధికారం ఎవరికీ లేదు. పాత ప్లాన్ రోజుల్లో కాల్స్ బాగుండడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. అప్పట్లో ఇరుకు షేపర్ దగ్గర ఉండేది. ఆ షేపర్‌లో ఎఫ్‌క్యూ కోడెల్ అనే క్యూ నిర్వహణ పద్ధతి పనిచేస్తూ, పెద్ద డౌన్‌లోడ్ వెనక చిన్న వాయిస్ ప్యాకెట్ చిక్కుకోకుండా చూసేది. పరిమితితో పాటు క్లయింటు ఆ కాపలాను కూడా తీసేశారు.

పనిచేసినవి

ఒక్క కోర్ వేగమే ఇరుకైనప్పుడు ముందు ఆ కోర్ ఎంత వేగంతో నడుస్తోందో చూడాలి. బయాస్‌లో శబ్దం, వేడి తగ్గించే మోడ్ ఎంపికై ఉంది, ఫైర్‌వాల్‌లో, భారాన్ని బట్టి ప్రాసెసరు వేగాన్ని మార్చే పవర్‌డీ ఆఫ్‌లో ఉంది. భారం మీద కూడా ప్రాసెసరు తన మూల వేగాన్ని అందుకోవడం లేదు. రెండింటినీ సరిచేస్తే డౌన్‌లోడ్ 510 అయింది. యంత్రానికి ఫ్యాన్ లేదు కాబట్టి చాలాసేపు నిండు భారం పెట్టి ఉష్ణోగ్రతను గమనించాం. వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటే చేసిన పని దండగ. అలా జరగలేదు.

తరువాత, వచ్చిన ప్యాకెట్ పనిని ఏ థ్రెడ్ చేయాలో నిర్ణయించే నెట్ ఐఎస్ఆర్ డిస్పాచ్ సెట్టింగును డైరెక్ట్ (అందుకున్న థ్రెడ్డే చేయడం) నుంచి డిఫర్డ్‌కు (క్యూలో పెట్టి వేరే థ్రెడ్‌కు అప్పగించడానికి) మార్చి, దాని థ్రెడ్‌లను కోర్‌కు ఒకటి చొప్పున ఉండేలా పెట్టి రీబూట్ చేశాం. దీనివల్ల మొదటి థ్రెడ్ కవరు విప్పేవరకే చేసి, లోపలి ఐపీ ప్యాకెట్‌ను కనెక్షన్‌ను బట్టి మిగతా కోర్లకు అప్పగిస్తుంది. ఒక కనెక్షన్ ప్యాకెట్లన్నీ ఒకే కోర్‌కు వెళ్తాయి కాబట్టి వరుస చెదరదు. డౌన్‌లోడ్ 780. నిండు వేగం రాలేదు, ఎందుకంటే కవరు విప్పే పని ఇప్పటికీ ఒంటరి కోర్‌దే.

ఈ దశలో దారులు మరికొన్ని ఉన్నాయి. ప్రొవైడరు ఇచ్చే పరికరమే పీపీపీఓఈ లాగిన్ చేసి, మన రూటరుకు మామూలు ఐపీ ఇస్తే నిండు వేగం వస్తుంది. కానీ రెండుసార్లు నాట్ అవుతుంది, బయటి నుంచి వీపీఎన్ రావాలంటే రెండు చోట్లా పోర్టులు తెరవాలి. ఆ కుటుంబం వీపీఎన్‌ను రోజూ వాడుతుంది కనుక వద్దనుకున్నాం. వీపీఎన్ అవసరం లేని ఇంటికి నేను ముందుగా చెప్పేది ఇదే. లినక్స్ ఆధారిత రూటరు సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి మారడం మరో దారి. లినక్స్ కెర్నెల్ పీపీపీఓఈ కవరు లోపలికి చూసి సాఫ్ట్‌వేర్‌లోనే కోర్లకు పంచగలదు. అయితే నిబంధనలన్నీ మొదటినుంచి రాయాలి. ఫ్రీబీఎస్‌డీ వైపు కూడా పరిస్థితి మారుతోంది: పీఎఫ్‌సెన్స్ 2025లో విడుదల చేసిన 2.8లో పీపీపీఓఈకి కొత్త కెర్నెల్ డ్రైవరును ఎంచుకునే వీలుంది. కానీ తిరిగి ఇన్‌స్టాల్ చేసి అప్పుడే అలసిపోయిన మనిషికి మరో మార్పిడి సూచించడం సబబనిపించలేదు.

అసలు నిర్ణయం చివరిది. షేపర్‌ను తిరిగి పెట్టాం, ఎఫ్‌క్యూ కోడెల్‌తో, డౌన్‌లోడ్ పరిమితి 650. ఈ అంకె ఎందుకంటే, షేపర్ పనిచేసేది ప్యాకెట్ కార్డు దాటి లోపలికి వచ్చాకే. మొదటి కోర్ నిండిపోయే స్థాయికి కిందనే ఇరుకు ఏర్పడితే తప్ప క్యూ షేపర్ దగ్గర నిలవదు. షేపర్ కూడా ప్రాసెసర్ శక్తిని తింటుంది కాబట్టి 780 అనే పైకప్పు కాస్త దిగుతుంది. 700 పెట్టినప్పుడు అప్పుడప్పుడు వదిలేసిన ప్యాకెట్ల కౌంటరు కదిలింది. 650 దగ్గర కదల్లేదు. నిండు డౌన్‌లోడ్ మధ్యలో పింగ్ 11 మిల్లీసెకన్లు. కాల్స్ తెగడం ఆగిపోయింది.

1000కి డబ్బు కట్టి 650 చూడటం క్లయింటుకు నచ్చలేదు. న్యాయమే. షేపర్‌ను తీసి 780 చూసుకునే స్వేచ్ఛ ఆయనకు ఉంది. పెద్ద ఫైళ్లు రాత్రిపూట దించుకునేటప్పుడు పరిమితి ఎత్తేసేలా షెడ్యూలు పెట్టడంతో ఇద్దరికీ సమ్మతమైంది.

ఇలాంటిది మళ్లీ ఎదురైతే

వేగం ఒక దిశలోనే తగ్గిందా, రెండు దిశల్లోనా అన్న ప్రశ్నను నేను ఇప్పుడు ఫోనులోనే అడుగుతున్నాను. ఈ కేసులో సగం జవాబు ఆ తేడాలోనే ఉంది. నాలుగు కోర్ల యంత్రంలో 25 శాతానికి దగ్గరి వాడకం కనబడితే అది తీరిక అని కాక, ఒక కోర్ నిండిందేమో అని చదవాలి. ఎనిమిది కోర్లైతే ఆ అంకె 12 దగ్గర ఉంటుంది, ఇంకా నమ్మించేలా.

ఒకే కనెక్షన్‌తో చేసే స్పీడ్ టెస్టును ఇక్కడ కొలబద్దగా తీసుకోకూడదు. డిఫర్డ్ పెట్టాక కూడా ఒక కనెక్షన్ ఐపీ పని ఒకే కోర్‌కు వెళ్తుంది, అందువల్ల మెరుగుదల అంతగా కనబడకపోవచ్చు. మార్పుకు ముందూ వెనుకా అనేక కనెక్షన్లతో, ఒకే సర్వర్‌తో కొలవాలి.

షేపర్ పరిమితి పక్కన ఫైర్‌వాల్‌లో వివరణ రాసే గడి ఉంటుంది. అందులో 650 ఎందుకు పెట్టామో, ఏది మారితే దాన్ని మార్చాలో రాశాం.

కొత్త యంత్రం ఎప్పుడు, ఏది కొనాలని క్లయింటు అడిగారు. కోర్ల సంఖ్య చూసి కొనవద్దని, ఒక్క కోర్ పనితనం చూసి కొనమని చెప్పాను. ఫ్రీబీఎస్‌డీ మీదే, పాత పీపీపీఓఈ పద్ధతిలోనే కొనసాగితే, ఎనిమిది నెమ్మది కోర్లకంటే రెండు చురుకైన కోర్లు మేలు. ప్రొవైడరు పీపీపీఓఈ లేకుండా డీహెచ్‌సీపీతో చిరునామా ఇచ్చే ఇంట్లో ఈ యంత్రమే గిగాబిట్‌ను నింపుతుంది. ల్యాప్‌టాప్‌తో చేసిన పరీక్షలో అది 930 దాటించడం చూశాం. అందుకే కొనేముందు ఆ కనెక్షన్ పద్ధతి మార్చే వీలుందేమో ప్రొవైడరును అడగమన్నాను. ఆయన అడిగారు, ఇంకా జవాబు రాలేదు.